విప్పని బేస్‌బాల్ కార్డుల పెట్టెలు: ఎంచుకోవడం, పరీక్షించడం, దాచడం, అమ్మడం

మా చిన్నప్పుడు బిగ్ ఫన్ బబుల్‌గమ్‌తో క్రికెటర్ల కార్డులు వచ్చేవి. గమ్ రెండు నిమిషాల్లో చప్పబడిపోయేది, కార్డు మాత్రం పుస్తకంలోకి వెళ్ళేది. దాన్ని విప్పకుండా దాచాలని మాలో ఒక్కరికీ తట్టలేదు. విప్పడానికే కదా కొనేది! అమెరికాలో బేస్‌బాల్ కార్డులకీ ఇదే జరిగింది. పిల్లలు ప్యాకెట్లు చింపారు, కార్డుల్ని సైకిల్ చక్రాల ఊచలకు తగిలించుకున్నారు, అమ్మలు మిగిలినవి చెత్తలో పారేశారు. ఎవరి చేతిలోనూ పడకుండా ఏదో కొట్టు వెనక గదిలో మిగిలిపోయిన పెట్టెలకే ఇవాళ గిరాకీ.

న్యూజెర్సీకి వచ్చాక నాకూ ఈ పిచ్చి పట్టింది. మొదట్లో చేతులు కాల్చుకున్నాను, ఆ కథ కింద వస్తుంది. మొదలుపెట్టేముందు ఒక సంగతి మనసులో పెట్టుకోండి. మీరు కొంటున్నది కార్డుల్ని కాదు, వాటిని ఇంతవరకు ఎవరూ చూడలేదన్న నమ్మకాన్ని. ఆ నమ్మకానికి చిన్న చిల్లు పడినా మీ చేతిలో మిగిలేది పాత అట్టపెట్టె.

మొదటి అడుగు: ఏ పెట్టె ఏమిటో తెలుసుకోండి

పాత పెట్టెల్లో ప్రధానంగా నాలుగు రకాలు కనిపిస్తాయి. అన్నిటికంటే పేరున్నది వ్యాక్స్ బాక్స్. మైనం పూసిన కాగితంలో కార్డుల్ని, గులాబీ రంగు గమ్ పలకని చుట్టి, వెనక మడత మీద వేడి తగిలించి అతికించేవారు. కార్డుల కంపెనీల్లో పెద్దదైన టాప్స్ 1980ల్లో తెచ్చిన బాక్సులో సాధారణంగా 36 ప్యాకెట్లు ఉంటాయి. రెండోది సెల్లో. పారదర్శకమైన సెల్లోఫేన్‌లో కార్డులు కనిపిస్తూ ఉంటాయి, కాబట్టి పైనో కిందో పెద్ద ఆటగాడు ఉంటే ఆ ప్యాకెట్ ధరే వేరు. మూడోది ర్యాక్ ప్యాక్, మూడు గదులుగా విడదీసి కొక్కేనికి తగిలించే రకం. నాలుగోది వెండింగ్ బాక్స్. ఇందులో ప్యాకెట్లు ఉండవు, 500 కార్డులు నేరుగా అట్టపెట్టెలో పేర్చి ఉంటాయి. మూత తీసి మళ్ళీ పెడితే కనిపెట్టే దారి దాదాపు లేదు కాబట్టి కొత్తవాళ్ళు వెండింగ్ జోలికి పోవద్దని నా మాట.

1989లో అప్పర్ డెక్ అనే కంపెనీ రేకు కవర్లతో వచ్చింది. విప్పి మళ్ళీ అతికించకుండా ఉండాలనే ఆ ఏర్పాటు. అప్పటికే ఆ మోసం ఎంత మామూలైపోయిందో దీన్నిబట్టే తెలుస్తుంది.

రెండో అడుగు: సంవత్సరం ఎంచుకోండి

అసలు కథంతా ఇక్కడే ఉంది, కాస్త తీరిగ్గా చదవండి.

టాప్స్ బ్రూక్లిన్ కంపెనీ. దాని 1952 సెట్‌కి, అంటే ఆ ఏడాది కార్డులన్నిటికీ, రూపం ఇచ్చిన సై బెర్గర్, అమ్ముడుపోని పెట్టెల్ని 1960లో పడవకెక్కించి న్యూజెర్సీ తీరం దాటాక అట్లాంటిక్‌లో పారబోయించానని తర్వాత తనే చెప్పుకున్నాడు. గోదాములో చోటు చాలలేదట. ఆ సెట్‌లోని 311వ నంబరు, బేస్‌బాల్ దిగ్గజం మికీ మాంటిల్ కార్డు ఒకటి 2022 ఆగస్టులో 1 కోటి 26 లక్షల డాలర్లకు అమ్ముడుపోయింది. మా ఇంటి నుంచి సముద్రం గంట దూరం. బీచ్‌కి వెళ్ళినప్పుడల్లా ఈ విషయం గుర్తొస్తుంది.

1973 దాకా టాప్స్ ఏడాది కార్డులన్నీ ఒకేసారి వదిలేది కాదు, విడతలవారీగా తెచ్చేది. చివరి విడత వచ్చేసరికి పిల్లల మనసు ఫుట్‌బాల్ మీదికి పోయేది, కొట్లవాళ్ళు తక్కువ తెప్పించేవారు. అందుకే ఆ కాలపు చివరి నంబర్ల కార్డులు అరుదు, అవి ఉన్న పెట్టెలు మరీ అరుదు. 1974 నుంచి 660 కార్డులూ ఒకేసారి రావడం మొదలైంది. 1975లో జార్జ్ బ్రెట్, రాబిన్ యౌంట్‌ల తొలి కార్డులు వచ్చాయి. అదే ఏడాది కొన్ని ప్రాంతాల్లోనే చిన్న సైజు మినీ కార్డుల్ని పరీక్షగా అమ్మారు. ఇవన్నీ జేబు గట్టిగా ఉన్నవాళ్ళ వ్యవహారం.

తర్వాత కోర్టు కథ. టాప్స్ గుత్తాధిపత్యం మీద పోటీ కంపెనీ ఫ్లీర్ 1975లో కేసు వేసింది. 1980లో తీర్పు ఫ్లీర్ వైపు రావడంతో 1981లో ఫ్లీర్, డాన్‌రస్ కంపెనీలు రెండూ రంగంలోకి దిగాయి. అప్పీల్‌లో ఆ తీర్పు తారుమారైనా వాళ్ళు వెనక్కి పోలేదు. గమ్ బదులు ఫ్లీర్ స్టిక్కర్లు, డాన్‌రస్ పజిల్ ముక్కలు పెట్టి అమ్ముకున్నాయి. 1981 నుంచి 1986 మధ్య పెట్టెలు మధ్యతరగతి సేకర్తకి సరైన మెట్టు అని నా అభిప్రాయం. 1983 టాప్స్‌లో టోనీ గ్విన్, వేడ్ బాగ్స్, రైన్ శాండ్‌బర్గ్, 1984 డాన్‌రస్‌లో డాన్ మాటింగ్లీల తొలి కార్డులు ఉన్నాయి. కావాలనుకునేవాళ్ళు ఉన్నారు, సరుకు మరీ కుప్పలుగా లేదు.

ఆ తర్వాత వరద. పాత కార్డులకి వేలు పలుకుతున్నాయని పేపర్లలో వచ్చాక పెద్దవాళ్ళు పెట్టెలకు పెట్టెలు కొని, పిల్లల కాలేజీ ఫీజులకి పనికొస్తాయని దాచారు. కంపెనీలు అడ్డూ అదుపూ లేకుండా అచ్చు వేశాయి. 1980ల చివరి నుంచి 1990ల తొలి సంవత్సరాల వరకు నడిచిన ఈ కాలానికి 'జంక్ వ్యాక్స్' (చెత్త వ్యాక్స్) అనే పేరు ఊరికే రాలేదు. అందరూ దాచింది ఎవరికీ అరుదు కాదు. ఆ పెట్టెల్లో చాలావాటిని ఇప్పటికీ పది, ఇరవై డాలర్లకే ఇస్తారు. అన్నీ అంతే అని కొట్టిపారేయకండి. 1989 అప్పర్ డెక్‌లో ఒకటో నంబరు కార్డు కెన్ గ్రిఫీ జూనియర్‌ది, 1990 టాప్స్‌లో ఫ్రాంక్ థామస్ పేరు అచ్చుపడని తప్పు కార్డు ఉంది, 1993లో అప్పర్ డెక్ తెచ్చిన ఎస్‌పీ సెట్‌లో డెరెక్ జీటర్ ఉన్నాడు. ఎవరైనా ఆ కాలపు పెట్టె చూపించి 'ముప్పై అయిదేళ్ళ నాటిది సార్' అంటే, వయసు ఒక్కటే ధర కాదని గుర్తుంచుకోండి.

మూడో అడుగు: లెక్క వేయండి

కొనేవాళ్ళలో ఎంతమంది దీన్ని దాటేస్తారో! 1980 టాప్స్ బాక్సు తీసుకుందాం. 36 ప్యాకెట్లు, ఒక్కోదానిలో 15 కార్డులు, మొత్తం 540. సెట్‌లో 726 కార్డులు. అందరూ వెతికేది 482వ నంబరు, రికీ హెండర్సన్ తొలి కార్డు. 540ని 726తో భాగిస్తే 0.74. అంటే సగటున నాలుగు బాక్సులకి మూడు హెండర్సన్‌లు. మీరు కొన్న ఒక్క బాక్సులో అతను అసలు లేకపోవచ్చు. ఉన్నా బొమ్మ సరిగ్గా మధ్యలో పడి, చుక్క లేకుండా అచ్చయి, గమ్ మరక అంటకుండా ఉంటేనే పెద్ద గ్రేడు, అంటే కార్డు ఎంత బాగుందో చూసి ఇచ్చే మార్కు.

పక్క ఆట చూడండి. 1986 ఫ్లీర్ బాస్కెట్‌బాల్ సెట్ 132 కార్డులే. 36 ప్యాకెట్లకి 12 చొప్పున 432 కార్డులు. అంటే ఒక్కో బాక్సుకి సగటున మూడుకి పైనే మైకేల్ జోర్డాన్‌లు. ఆ పెట్టె ధర ఎందుకు ఆకాశంలో ఉంటుందో, దొంగ సరుకు దానిలోనే ఎందుకు ఎక్కువో ఈ ఒక్క భాగహారం చెప్పేస్తుంది. సెట్ ఎంత చిన్నదైతే, అందులో మొనగాడు ఎంత పెద్దవాడైతే, పెట్టె అంత ఖరీదు.

ధర పెరగడానికి ఇంకో కారణం, ఎవరు ఎక్కడ ఒక పెట్టె విప్పినా లోకంలో ఒకటి తగ్గిపోతుంది, కొత్తది పుట్టదు. కొందరు వాటాలు అమ్మి ఇంటర్నెట్‌లో లైవ్‌గా పెట్టెలు విప్పుతారు, అదో వ్యాపారం. అయితే గ్రాఫ్ ఎప్పుడూ పైకే పోతుందనుకోవద్దు. 2020, 2021ల్లో ఇళ్ళలో కూర్చున్న జనం ఎగబడి కొన్న ధరలు ఆ తర్వాత చాలావాటికి దిగివచ్చాయి.

నాలుగో అడుగు: చవక పెట్టె కొని విప్పండి, మళ్ళీ అతికించండి

ఇది నా సొంత పద్ధతి. డబ్బు పెద్దగా పోదు, కళ్ళు తెరుచుకుంటాయి. 1988 నుంచి 1990 లోపు టాప్స్ వ్యాక్స్ బాక్సు ఒకటి తెచ్చుకోండి. టేబుల్ దీపం కింద ఒక ప్యాకెట్ వెనక్కి తిప్పి చూడండి. మడతలు కలిసిన చోట మైనం కరిగి గట్టిపడిన మెరుపు కనిపిస్తుంది. ఆ మెరుపు అతుకు పడిన మేరకే ఉంటుంది. గోటితో మెల్లగా లేపండి. చిన్నగా టిక్కుమని విడిపోతుంది. లోపల గమ్ ఇప్పుడు గమ్ కాదు, పెళుసైన పెంకు. దానికి తగిలి ఉన్న కార్డు మీద దీర్ఘచతురస్రంగా మరక ఉంటుంది. అవతలి చివర ఉన్న కార్డుకి మైనం అంటుకుని ఉంటుంది. టాప్స్ 1992లో గమ్ మానేసింది, కాబట్టి ఈ పాఠానికి అంతకుముందు పెట్టెలే పనికొస్తాయి. నలభై ఏళ్ళ నాటి గమ్ నమిలే సాహసం చేయకండి. నేను చేశాను, నోట్లో సుద్దముక్క వేసుకున్నట్టుంది.

వరసగా పది ప్యాకెట్లు విప్పి కార్డుల క్రమం రాసుకోండి. మిషన్ మీద పేర్చినవి కాబట్టి అదే ఆటగాళ్ళు అదే వరసలో తిరిగి రావడం గమనిస్తారు. ఈ వరస తెలిసిన ఘనులు నాలుగు ప్యాకెట్లు విప్పి, స్టార్ కార్డు ఏ ప్యాకెట్లో ఉందో పసిగట్టి, అది తీసుకుని మిగతావి అమ్మేస్తారు. అందుకే విడి ప్యాకెట్ల కంటే నిండు పెట్టె మేలు, దానికంటే సీలు తీయని పూర్తి కేసులోంచి (పెట్టెలు నింపి ఫ్యాక్టరీ నుంచి వచ్చే పెద్ద అట్టపెట్టె) వచ్చిన పెట్టె మేలు.

ఇప్పుడు ఇస్త్రీ పెట్టె తీయండి. విప్పిన ప్యాకెట్‌ని మళ్ళీ మడిచి, తక్కువ వేడితో అతికించి, విప్పనిదాని పక్కన పెట్టండి. మైనం మెరుపు పక్కకి పాకి ఉంటుంది. పాత అతుకు నీడ ఒకటి, కొత్తది ఒకటి, రెండు గీతలు కనిపిస్తాయి. మడతలు అసలుకంటే నున్నగా చదునవుతాయి. ఈ రెండు ప్యాకెట్లూ నా సొరుగులో ఇప్పటికీ ఉన్నాయి. అతికించినదాని మీద పెద్ద అక్షరాలతో 'నకిలీ' అని రాసిపెట్టాను, రేపు నా తర్వాత ఇంట్లోవాళ్ళు తెలియక అమ్మేయకుండా.

అయిదో అడుగు: కొనేముందు పరీక్ష

ఇప్పుడు నా కథ. మొదటి ఏడాది ఒక సంతలో 1980 టాప్స్ విడి ప్యాకెట్లు అయిదు కొన్నాను. అమ్మినాయన ముసలాయన, మర్యాదస్తుడు, 'మా అన్నయ్య కొట్టులో మిగిలినవి' అన్నాడు. ఇంటికొచ్చాక ఆగలేక ఒకటి విప్పాను. గమ్ ఒక చివర ఉంది, దాని మరక మాత్రం మధ్యలో ఉన్న కార్డు మీద! మరక పడ్డ కార్డు గమ్‌కి దూరంగా ఎలా వెళ్తుంది? ఎవరో విప్పి, ఏరుకుని, వేరే కార్డులు కలిపి మూసేశారు. మిగతా నాలుగు ప్యాకెట్ల వెనక చూస్తే రెండేసి గీతలు. ఆ ముసలాయనకీ తెలుసో తెలియదో. అప్పటినుంచి కథలకి డబ్బు ఇవ్వడం మానేశాను, ప్యాకెట్‌కే ఇస్తాను.

పెట్టె చేతికొస్తే ఇలా చూడండి. ప్యాకెట్లు 36 ఉన్నాయా, అన్నీ ఒకే తీరుగా మాగాయా? పై వరస రంగు వెలిసి, కింది వరస కొత్తగా ఉంటే అది సహజమే. కొన్ని ప్యాకెట్లు మాత్రం వేరే పెట్టెలో పెరిగినట్టు తేడాగా ఉంటే అనుమానించండి. మూత మీద కొట్టువాడు అంటించిన ధర చీటీ, చిన్న చిరుగు నన్ను భయపెట్టవు. అతి శుభ్రత భయపెడుతుంది. 1970ల, 1980ల తొలి టాప్స్ వ్యాక్స్ బాక్సుల మీద ఫ్యాక్టరీ ప్లాస్టిక్ చుట్టు ఉండేది కాదు. అలాంటి పెట్టెకి పేరూ ఊరూ లేని ప్లాస్టిక్ చుట్టి 'ఫ్యాక్టరీ సీల్' అంటే నమస్కారం పెట్టి బయటికి రండి.

సెల్లోలో మడత అతుకులు నిటారుగా ఉన్నాయా, కవరు మరీ వదులుగా ఉందా చూడండి. పైన సూపర్‌స్టార్ కనిపిస్తే మీ గుండె వేగం పెరుగుతుంది, సరిగ్గా అప్పుడే ఆగండి. మోసగాడు మొదట పెట్టేది ఆ కార్డునే.

ఆరో అడుగు: నిర్ధారించినవాళ్ళ ముద్ర

ఈ రంగంలో అందరూ చెప్పుకునే పేరు ఇండియానాలోని బేస్‌బాల్ కార్డ్ ఎక్స్‌చేంజ్, వాడుకలో బీబీసీఈ. స్టీవ్ హార్ట్ నడిపే ఈ సంస్థ పెట్టెని పరీక్షించి తన గుర్తు అచ్చువేసిన ప్లాస్టిక్ చుడుతుంది. సీలు తీయని కేసులోంచి తమ కళ్ళముందే తీసిన పెట్టె అయితే ఆ సంగతీ రాస్తారు. 'ఫ్రమ్ ఎ సీల్డ్ కేస్' అన్న ఆ మాటలకి మార్కెట్లో ప్రత్యేక ధర ఉంది. విడి ప్యాకెట్లయితే పీఎస్‌ఏ అనే గ్రేడింగ్ సంస్థ గట్టి ప్లాస్టిక్‌లో పెట్టి గ్రేడు ఇచ్చినవి దొరుకుతాయి.

ముద్ర ఉంటే కళ్ళు మూసుకోవచ్చా? 2021 డిసెంబర్‌లో యూట్యూబర్ లోగన్ పాల్ 35 లక్షల డాలర్లు పెట్టి పోకేమాన్ కార్డుల సీల్డ్ కేసు కొన్నాడు. దాన్ని అసలైనదని నిర్ధారించింది బీబీసీఈనే. అనుమానాలు రావడంతో 2022 జనవరిలో షికాగోలో స్టీవ్ హార్ట్ సమక్షంలోనే విప్పితే లోపల జీఐ జో అనే సైనికుల బొమ్మల కార్డులు! బేస్‌బాల్ పెట్టెల్లో ఆ సంస్థకున్న అనుభవం వేరు, ఇప్పటికీ నేను వాళ్ళ చుట్టు ఉన్నవే ఇష్టపడతాను. కాని బయటి అట్టపెట్టెని చూసి లోపలి సరుకుకి హామీ ఇవ్వడం ఎవరికైనా ఎంత కష్టమో ఆ రోజు అందరికీ తెలిసింది. అందుకే కేసు కంటే, ప్యాకెట్లు లెక్కపెట్టి చూసిన బాక్సు నాకు హాయి.

దీనికి ఎదురు కథ కూడా ఉంది. కెనడాలోని రెజైనాలో ఒక ఇంట్లో 1979-80 ఓ-పీ-చీ హాకీ కార్డుల కేసు దొరికింది. 16 బాక్సులు, హాకీ దిగ్గజం వేన్ గ్రెట్జ్‌కీ తొలి కార్డు వచ్చిన ఏడాది. 2024 ఫిబ్రవరిలో హెరిటేజ్ అనే సంస్థ వేలంలో 37.2 లక్షల డాలర్లు పలికింది. చాలాకాలం ఒకే ఇంట్లో ఉన్న సరుకు కావడంతో ఆ నమ్మకానికే పాడుకున్నారు.

ఏడో అడుగు: ఎక్కడ, ఎంతకి

ఈబేలో అడుగుతున్న ధరలు చూసి బెంబేలెత్తకండి. 'అమ్ముడుపోయినవి' అనే వడపోత పెట్టి మూడు నెలల లెక్క తీయండి. అడిగే ధర అమ్మేవాడి కోరిక, అమ్ముడుపోయిన ధరే నిజం. వేలం సంస్థల్లో మీరు పాడిన మొత్తం మీద కొనుగోలుదారు రుసుము 20 శాతం చుట్టుపక్కల పడుతుంది. దాన్ని కలుపుకునే మీ హద్దు గీసుకోండి.

వీలైతే ఏటా వేసవిలో జరిగే నేషనల్ స్పోర్ట్స్ కలెక్టర్స్ కన్వెన్షన్‌కి ఒక్కసారైనా వెళ్ళండి. 2022లో అట్లాంటిక్ సిటీలో జరిగినప్పుడు నేను రెండు రోజులు తిరిగాను. పెద్ద డీలర్ల బల్లల మీద వంద పెట్టెలు చేత్తో పట్టుకుని చూడటం వల్ల వచ్చే జ్ఞానం వంద వీడియోలు చూసినా రాదు. బేరం ఆడితే తప్పుపట్టరు. చివరి రోజు మధ్యాహ్నం, బల్లలు సర్దుకునే వేళ, ఇంకా సుఖం.

హైదరాబాద్, విజయవాడల్లో ఉండి చదివేవారికి ఒక మాట. అక్కడికి తెప్పించుకోవద్దు. సుంకం సంగతి పక్కన పెడితే, కస్టమ్స్‌లో తనిఖీకి ఎవరైనా ఆ ప్లాస్టిక్ కోశారంటే మీ పెట్టుబడి అక్కడికక్కడే ఆవిరి. అమెరికాలో ఉన్న బంధువుల ఇంట్లోనే ఉంచండి, వాళ్ళింట్లో చిన్నపిల్లలు లేకపోతే.

ఎనిమిదో అడుగు: దాచడం

అటక మీద పెట్టకండి. ఎండాకాలం అమెరికా ఇళ్ళ అటకలు పొయ్యిలా కాగుతాయి. మైనం మెత్తబడి కార్డుల్లోకి ఇంకుతుంది. బేస్‌మెంట్ కూడా వద్దు, చెమ్మకి గమ్ కరిగి బూజు పడుతుంది, ఎలుకలకీ ఆ తీపి వాసన ఇష్టమే. మనుషులు ఉండే గదిలో, బయటి గోడకి ఆనని అల్మరాలో, 20 డిగ్రీల చుట్టూ వేడి, 40 నుంచి 50 శాతం తేమ ఉండేలా చూసుకోండి. పది డాలర్ల తేమ మీటరు ఒకటి పక్కన పెడితే సరి. పెట్టె మీద పెట్టె పేర్చవద్దు, పాత అట్ట కుంగిపోతుంది. సైజుకి సరిపోయే యాక్రిలిక్ డబ్బాలు దొరుకుతాయి. ఎండ తగిలే షెల్ఫులో షోకేస్‌లా పెట్టుకోవాలనిపిస్తుంది కాని ఆరు నెలల్లో రంగు వెలుస్తుంది.

తొమ్మిదో అడుగు: కాగితాలు, అమ్మకం

ప్రతి పెట్టెకీ బిల్లు, కొన్న తేదీ, ఆరు వైపులా ఫోటోలు ఒక ఫోల్డర్‌లో పెట్టండి. మామూలు ఇంటి ఇన్సూరెన్స్ ఇలాంటివాటికి సరిగ్గా వర్తించకపోవచ్చు, ఏజెంటుని అడిగి సేకరణ వస్తువులకి విడిగా పాలసీ తీసుకోండి. అమెరికాలో ఏడాదికి మించి ఉంచి అమ్మిన షేర్ల లాభం మీద ఫెడరల్ పన్ను గరిష్ఠంగా 20 శాతం అయితే, ఇలాంటి వస్తువుల మీద 28 శాతం దాకా పోతుంది. అమ్మకపు కమిషన్, పన్ను రెండూ తీసేశాక మిగిలేదే లాభం. ఈబే అయితే కమిషన్ సుమారు 13 శాతం. పెట్టె ఖరీదైనదైతే వేలం సంస్థకి ఇవ్వండి, మధ్యరకం అయితే కన్వెన్షన్‌లో డీలర్‌కి అమ్మినా తేడా పెద్దగా ఉండదు.

ఏ ఆటగాడైనా హాల్ ఆఫ్ ఫేమ్‌కి (బేస్‌బాల్ దిగ్గజాల గౌరవ జాబితా) ఎన్నికైన వారంలో, లేదా పెద్ద రికార్డు వార్తల్లోకి వచ్చినప్పుడు కొనేవాళ్ళ ఉత్సాహం ఎక్కువ. జూలై, ఆగస్టుల్లో పార్శిల్ చేయాల్సివస్తే శుక్రవారం పంపకండి, శనాదివారాలు మండే ట్రక్కులో పడి ఉంటుంది. యాక్రిలిక్ డబ్బాలో పెట్టి, చుట్టూ బబుల్ వ్రాప్, దానిమీద ఇంకో గట్టి అట్టపెట్టె, సంతకం తీసుకుని ఇచ్చేలా, పూర్తి విలువకి ఇన్సూరెన్స్‌తో పంపండి. పార్శిల్ మీద కార్డులు అన్న మాట ఎక్కడా రాయకండి. ప్యాక్ చేస్తున్నంతసేపూ ఫోన్ కెమెరా ఆన్‌లో ఉండనివ్వండి. రేపు కొన్నాయన 'సీలు ఊడిపోయి వచ్చింది' అంటే చూపించడానికి అది కావాలి.